రుద్రంగి మోకు, అల్ ఐన్ ఖర్జూరం

రుద్రంగిలో కోరుట్ల బస్సెక్కి కూచుంటే, పక్క సీట్లో ఉన్నాయనకు గల్ఫ్ ముచ్చట తెలియకపోవడం అరుదు. తమ్ముడు దుబాయిలో ఉంటాడు, అల్లుడు మస్కట్‌లో ఉంటాడు, కాదంటే ఆయనే సౌదీ నుంచి సెలవు మీద వచ్చి ఉంటాడు. బోర్లు ఎండి కొందరు, సిరిసిల్లలో సాంచెలు ఆగి కొందరు, అప్పులు తీరక ఇంకొందరు పోయారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల నలభై ఏండ్లుగా ఇదే వరస. అక్కడ ఏం పని అని అడిగితే బిల్డింగు పని, క్లీనింగు, డ్రైవరు అని చెప్తారు. తోటపని చేసేవాళ్లు కూడా తక్కువేం లేరు గానీ వాళ్ల మాట పెద్దగా వినపడదు.

మా మేనబావ ఆ బాపతు మనిషి. గీత కార్మికుల ఇంట పుట్టి, తండ్రి వెంట ఈతచెట్లెక్కి పెరిగి, పెండ్లయ్యాక విమానమెక్కాడు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ పట్టణంలో, పాత రాజభవనాన్ని ఆనుకుని ఉన్న ఖర్జూర వనంలో ఒక అర్బాబు చెట్లు చూసుకుంటాడు. అర్బాబు అంటే యజమాని; గల్ఫ్‌లో మనవాళ్ల నోట నిత్యం నలిగే మాట. చెల్లె కుటుంబం షార్జాలో ఉండటంతో ఫిబ్రవరి చివర అటు వెళ్లాను. బావకు ఫోన్ చేస్తే, "దుబాయిల అద్దాల మేడలు తర్వాత సూద్దువు గని, ముందు ఇటు రా బామ్మర్దీ. గిప్పుడే చెట్లు పూతకచ్చినయ్. నెలాగితే సూసేదేం ఉండది" అన్నాడు.

దుబాయి నుంచి అల్ ఐన్‌కు బస్సులో రెండు గంటల లోపే. ఊరు దాటిన కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా ఎర్రని ఇసుక దిబ్బలు మొదలయ్యాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, చుట్టూ కంచె వేసి కాపాడుకుంటున్న చెట్లు. సన్నని ఆకులు, గరుకు బెరడు. ఎక్కడో చూసినట్టే ఉందనుకుంటుండగా తట్టింది, అది జమ్మి. వాళ్లు ఘాఫ్ అంటారు. ఎమిరేట్స్‌కు అది జాతీయ వృక్షం, మన తెలంగాణకు రాష్ట్ర వృక్షం. దసరా నాడు తప్ప మనం తలచుకోని చెట్టుకు ఎడారిలో అంత మర్యాద జరుగుతోంది. ఆకును ఒంటెలు తింటాయి, వేరు చాలా లోతు నుంచి నీళ్లు లాగుతుంది, ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతుంది.

అల్ ఐన్ సముద్రానికి దూరంగా, ఒమన్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. రోడ్డుకు అవతల బురైమి పట్టణం ఒమన్‌ది. దక్షిణాన జబల్ హఫీత్ కొండ. సముద్రపు ఉక్కపోత లేదు, గాలి పొడిగా ఉంటుంది. ఆకాశాన్నంటే మేడలు లేవు. రోడ్డు పక్కనంతా పచ్చదనమే. ఈ పట్టణంలోని ఖర్జూర వనాలను, పాత నీటి కాలువలను, హిలి, హఫీత్ వంటి ప్రాచీన స్థలాలను కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎమిరేట్స్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి చోటు ఇదే.

బావ భవనం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాల, నడుముకు సంచి, చేతిలో కొడవలి. "మంచిగనే అచ్చినవా? అత్త పానం బాగున్నదా?" అని అడుగుతూనే లోపలికి నడిపించాడు.

మట్టి మేడ

రాజభవనం అనగానే మనకు ఫలక్‌నుమా, చౌమహల్లా కళ్లముందు మెదులుతాయి. ఇది అలాంటిది కాదు. ఎమిరేట్స్ తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ బిన్ సుల్తాన్ అల్ నహ్యాన్ నివాసంగా 1937లో కట్టిన మట్టిరంగు కోటిల్లు. అప్పటికి అబుదాబిలో చమురు బయటపడలేదు. ముత్యాల వ్యాపారం కూలిపోయి, ఉన్నవాళ్లు కూడా ఇబ్బంది పడుతున్న రోజులవి. అందుకే బంగారు పూతలు, షాండ్లియర్లు కనిపించవు. మందమైన గోడలు, చిన్న కిటికీలు, ఒక ముంగిలి దాటితే ఇంకో ముంగిలి, వాటి చుట్టూ గదులు. మగవాళ్లు కూచుని ఊరి తగాదాలు తీర్చుకునే మజ్లిస్, వచ్చినవాళ్లకు కాఫీ కాచే గది, పిల్లలు ఖురాన్ చదువుకున్న గది. ఒక ముంగిట్లో షేక్ వాడిన రకం పాత ల్యాండ్‌రోవర్‌ను నిలబెట్టారు. 1966లో ఆయన అబుదాబి పాలకుడై అటు మారేవరకు ఇల్లు ఇదే. 2001లో మ్యూజియంగా జనానికి తెరిచారు.

గదుల కంటే ముంగిళ్లే నన్ను ఎక్కువసేపు ఆపాయి. ప్రతి ముంగిట్లో ఖర్జూర చెట్లు, వాటి కింద మొక్కలు. గోడ నీడ కొంత, ఆకు నీడ కొంత కలిసి ఫిబ్రవరి ఎండ నేలకు చిల్లర పైసల్లా పడుతోంది. భవనం తూర్పు గోడ దాటితే వనమే. అంటే ఈ భవనానికి తోట అలంకారంగా వేసింది కాదు. తోట వేల ఏండ్ల నుంచి ఉంది, భవనం తర్వాత వచ్చి దాని అంచున కూచుంది. నీళ్లున్న చోటు చూసుకునే పాలకుడు ఇల్లు కట్టుకున్నాడు.

నీటి వంతు

ఈ నీళ్ల సంగతి తెలియకుండా తోట సంగతి అర్థం కాదు. అక్కడి పద్ధతిని ఫలజ్ అంటారు. కొండ పాదంలో భూగర్భజలం తగిలేదాకా ఒక తల్లిబావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి వైపు భూమి లోపలే సన్నని వాలుతో సొరంగం తీస్తారు. దారి పొడుగునా అక్కడక్కడా పైనుంచి బావిగుంతలు, పూడిక తీయడానికి, గాలికి. మోట లేదు, మోటారు లేదు, నీళ్లు వాటంతట అవే నడిచి వచ్చి ఊరి దగ్గర బయటపడతాయి. అల్ ఐన్ పక్కనే హిలిలో బయటపడిన ఫలజ్‌లు దాదాపు 3,000 ఏండ్ల నాటివి.

బయటికొచ్చిన నీళ్లు పిల్లకాలువల్లోకి చీలతాయి. ఎవరి మడికి ఎంతసేపు అన్నది పగలు కర్ర నీడతో, రాత్రి చుక్కల పొద్దుతో లెక్కగట్టేవారు. ఆ లెక్క చూసే మనిషి మాట ఊరికి శాసనం. మన చెరువుల కింద నీరటి ఉండేవాడు గుర్తుందా, తూము ఎత్తి, వంతుల వారీగా పొలాలకు నీళ్లు వదిలేవాడు? అదే కొలువు.

1946లో జాయెద్ ఈ తూర్పు ప్రాంతానికి పాలకుడి ప్రతినిధి అయ్యాడు. పూడిపోయిన ఫలజ్‌లను బాగుచేయించాడు, సరూజ్ అనే కొత్త ఫలజ్ తవ్వించాడు. అప్పటికి నీటి వంతులు అమ్మకానికి కొనుగోలుకు వచ్చి, పెద్ద కుటుంబాల చేతుల్లో పడి ఉన్నాయి. ఆయన తన కుటుంబ వాటాను వదులుకుని, నీటి వ్యాపారాన్ని ఆపించి, చిన్న రైతుకూ నీళ్లు అందేలా చేశాడు. ఇవాళ ఆయన్ను వాళ్లు జాతిపిత అంటారు. నాకు మాత్రం భవనంలో చూసిన పటాల గది కంటే, భవనం పక్కన పారుతున్న ఆ జానెడు కాలువే ఆయన గురించి ఎక్కువ చెప్పింది.

అయితే కాలువలో పారేవన్నీ ఇప్పుడు కొండ నీళ్లు కావు. పట్టణం పెరిగి, బోర్లు పెరిగి, నీటిమట్టం పడిపోయింది. పాత కాలువల్లోకి బోర్ల నీళ్లు పంపు చేసి తోటను నిలబెడుతున్నారు. "గీడ సుత బోర్లేనా బావా?" అంటే, "ఏడైనా బోర్లే. మనం ఎండబెట్టుకున్నం, వీళ్లు పైసలు పెట్టి పారిస్తున్నరు. అంతే ఫరకు" అన్నాడు.

మూడంతస్తుల సేద్యం

వనంలోకి అడుగుపెడితే ఎండ తగ్గి ఒళ్లు చల్లబడుతుంది. రెండు పక్కలా ఛాతీ ఎత్తు గోడలు, మధ్య సన్నని బాటలు. 1,47,000కు పైగా ఖర్జూర చెట్లు, దాదాపు 100 రకాలు ఉన్నాయని అక్కడి పర్యాటక శాఖ లెక్క. సేద్యం మూడంతస్తులు. పైన ఖర్జూరం గొడుగు. దాని నీడలో నిమ్మ, నారింజ, దబ్బజాతి చెట్లు, మామిడి, అరటి, అంజీర. నేల మీద పశువుల గడ్డి. పై చెట్టు ఎండను, వడగాలిని కాచుకుంటేనే కింది చెట్టు బతుకుతుంది. ఖర్జూరానికి కాళ్లు నీళ్లలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బుల సామెత. నిమ్మకు ఆ నిప్పు పనికిరాదు.

బావ పనిచేసే మడిలో ముందు చూసింది ఖర్జూరాన్నే. దగ్గరికి వెళ్లి మొదలు తడిమితే చేతికి తెలిసిన చెట్టే. మన ఈతకు, ఈ ఖర్జూరానికి ఒకటే ప్రజాతి, దాయాదులు. అదే ముండ్ల మట్ట, అదే గరుకు మాను. కాకపోతే ఇది బలిసిన చెట్టు, గెల బరువు చాలా ఎక్కువ. ఈతపండు గింజకు తోలు అంటుకున్నట్టుంటుంది, ఇక్కడ గింజ చుట్టూ కండ.

ఎక్కే సాధనాన్ని వాళ్లు హబూల్ అంటారు. చెట్టుకూ మనిషి నడుముకూ చుట్టే తాడు, వీపు ఆనే చోట వెడల్పాటి అల్లిక. మన గీత కార్మికుల మోకును ఇంకో దేశంలో అల్లితే ఇట్లా ఉంటుంది. బావ తాడు బిగించి, దాన్ని ఒక్క ఊపున పైకి విసిరి, మట్టలు నరికిన మొండి మెట్ల మీద పాదం ఆనించి, మళ్లీ విసిరి, చూస్తుండగానే తలకు చేరాడు. కాళ్లకు వేసుకునే గుజి లేదు. "మొదట అర్బాబు నన్ను నిచ్చెనేసి ఎక్కుమన్నడు. నేను తాడు పట్టుకొని ఎక్కి దిగిన. గప్పటిసంది నిచ్చెన ముచ్చట లేదు" అని పైనుంచి చెప్పాడు.

పైన ఆయన చేస్తున్న పని కింది నుంచి సరిగా కనపడక, నేను పక్కనున్న పొట్టి చెట్టు దగ్గర నిలబడ్డాను. దిగాక అదే పని అక్కడ కండ్లముందే చేసి చూపించాడు. ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. గాలికి వదిలేస్తే పుప్పొడి కొన్ని చెట్లకే అందుతుంది. అందుకే మనిషే ఆ పని చేస్తాడు. నలభై యాభై ఆడచెట్లకు ఒక మగచెట్టు చాలు. మగపూత ఒక గోధుమరంగు ఒరలో ఉంటుంది. ఒర పగిలే వేళకు కోసి చీల్చితే లోపల తెల్లని మైనపు పూల పోచలు, తట్టితే పొడి రాలుతుంది. ఆడచెట్టు ఒర విచ్చుకున్న రెండు మూడు రోజుల్లోనే దాని గెలలోకి ఈ మగ పోచలు నాలుగైదు తలకిందులుగా దూర్చి, చీల్చిన ఆకు పేడుతో వదులుగా కట్టాలి. బిగిస్తే గెల ఊపిరాడక కుళ్లుతుంది, మరీ వదులైతే పోచలు జారిపోతాయి. దానికంటే ముందు మట్ట మొదట్లోని ముండ్లన్నీ చెక్కేయాలి, లేకుంటే కంటికి తగులుతాయి. ఒక సీజన్లో ఒక్కో చెట్టు చాలాసార్లు ఎక్కాలి, పూతలన్నీ ఒక్కరోజే విచ్చవు కదా. తర్వాత గెలలు పలచన చేయడం, కాయ బరువెక్కాక గెలను కింది మట్టకు కట్టడం, జూన్ నుంచి కోతలు. అన్నిటికంటే ముందు నగల్ రకం పండుతుంది. ఖలాస్, ఖునైజీ, లూలూ, ఫర్ద్, బర్హీ తర్వాత వరసలో వస్తాయి.

"ఎక్కుడు అదే, దిగుడు అదే. గీసుడొక్కటే లేదు" అన్నాడు బావ, కొడవలి తుడుచుకుంటూ. "పెద్ద చెట్టు మెడ కాడికి పోయినప్పుడల్లా చెయ్యి గుంజుతది. గీస్తే ఎన్ని లొట్లు పారునో!"

హిందుస్తాన్ నుంచి వచ్చినవి

ఖర్జూరం అక్కడి సొంత చెట్టు. పరాయి చెట్టు నిమ్మ, నారింజ, దబ్బ. వాటి పుట్టిల్లు హిమాలయాల దిగువ, అస్సాం, దాని చుట్టుపక్కల. పదో శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు అల్ మసూదీ ఈ ప్రయాణం గురించి రాసిపెట్టాడు. నారింజను, గుండ్రని దబ్బజాతిని హిజ్రీ 300 తర్వాత, అంటే క్రీస్తుశకం 912 దాటాక, హిందుస్తాన్ నుంచి తెచ్చి ముందుగా ఒమన్‌లో నాటారని, అక్కడి నుంచి బస్రాకు, ఇరాక్‌కు, సిరియాకు పోయాయని ఆయన చెప్తాడు. ఆ పండ్లకు హిందుస్తాన్‌లో ఉన్న వాసన, రంగు అక్కడ రాలేదని, ఆ గాలి, ఆ మట్టి, ఆ నీళ్లు లేకపోవడమే కారణమని కూడా అంటాడు. అల్ ఐన్ నుంచి ఒమన్ గడ్డ చూపుమేరలోనే ఉంది. వెయ్యేండ్ల కింద మన చెట్టు దిగిన రేవు దేశం పక్కనే నిలబడి, ఆ చెట్టుకు మన మనిషి పాదు చేస్తుంటే చూశాను.

పాదు అన్నాను గానీ, అందులోనే కిటుకు ఉంది. ఖర్జూరానికి మడి నిండా నీళ్లు నిలిపినా పర్వాలేదు. నిమ్మజాతికి మొదలు తడిస్తే బంక తెగులు వస్తుంది. ఒకే మడిలో రెండూ ఉన్నప్పుడు ఎట్లా? బావ ప్రతి నిమ్మ మొదలు చుట్టూ మట్టి ఎగదోసి దిబ్బ చేశాడు. నీళ్లు ఆ దిబ్బ చుట్టూ తిరిగి పోతాయి, వేరు కొసలు తాగుతాయి, మాను పొడిగా ఉంటుంది. మన నల్లగొండ బత్తాయి తోటల్లో రెండు వలయాల పాదు చేసేది కూడా ఇందుకే. ఇక్కడి నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఖర్జూరం ఓర్చుకుంటుంది, నిమ్మ ఓర్చుకోదు, ముందు ఆకు కొసలు మాడతాయి. నేలలో సున్నం ఎక్కువై ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ఒక కొమ్మ వంచి చూపించి, "గిది సూసినవా, అన్నభేది అడుగుతున్నది" అన్నాడు బావ. అన్నభేది మాట ఎడారి నడుమ వినడం నాకు ముచ్చటేసింది.

చెట్టుతోపాటు జబ్బులూ ప్రయాణం చేస్తాయి. 1970ల్లో ఒమన్‌లో నిమ్మకు ఒక వింత తెగులు బయటపడింది. కొమ్మ కొసన చిన్న చిన్న ఆకులు చీపురులా గుబురు కడతాయి, పూత ఉండదు, కాయ ఉండదు, కొన్నేండ్లలో చెట్టు చస్తుంది. 1989కల్లా అది ఎమిరేట్స్‌కు చేరింది. వేల చెట్లు పోయాయి. ఒమన్‌కు పేరుతెచ్చిన ఎండునిమ్మ వ్యాపారం దెబ్బతిన్నది. దీనికి మూలం ఫైటోప్లాస్మా అనే కంటికి కనపడని సూక్ష్మజీవి, ఆకుల రసం పీల్చే చిన్న దీపపు పురుగులు దాన్ని మోస్తాయి. మన జగిత్యాల దిక్కు నువ్వు చేన్లలో పువ్వు స్థానంలో ఆకుల కుచ్చు వచ్చి కాయ పట్టని వెర్రి తెగులు లేదా? దానికీ ఇదే జాతి సూక్ష్మజీవి కారణం, దాన్నీ దీపపు పురుగులే మోస్తాయి. మందు లేదు. ఆ కొమ్మ కనిపించగానే చెట్టు తీసి కాల్చడమే. బావ ఈ శాస్త్రమంతా చదవలేదు. కానీ నిమ్మ మడి దాటేముందు ప్రతి చెట్టు చిగురునూ ఒకసారి చూసి గానీ కదలడు.

ఇంకో ప్రయాణికుడి కోసం చెట్ల మధ్య బకెట్లు పెట్టి ఉన్నాయి. మన కొబ్బరి రైతు తిట్టుకునే ఎర్రముక్కు పురుగు కోసం అవి. దాని సొంతూరు దక్షిణాసియానే. మొక్కల రవాణాలో దొంగచాటుగా చేరి, 1985లో ఎమిరేట్స్‌లో మొదటిసారి కనపడి, అక్కడి నుంచి గల్ఫ్ అంతటికీ, మధ్యధరా తీరానికీ పాకింది. తల్లిపురుగు మానులోని గాయంలో గుడ్లు పెడితే, పిల్లపురుగు లోపల్లోపలే తొలిచి తింటుంది. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది, ఒకనాడు గాలికి విరిగి పడుతుంది. బకెట్టులో వాసన మందు, కుళ్లిన ఖర్జూరం, నీళ్లు ఉంటాయి. బావ ఒక బకెట్టు మూత తీసి నాలుగు పురుగులు చూపించాడు. "గివి సుత మనూరోళ్లే. వీసా లేకుంట అచ్చినయ్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

తోట ఎవరి చేతుల్లో ఉంది?

పాతకాలంలో ఈ తోటలను బీదార్ అనే పాలేర్లు చూసేవారు. వాళ్ల కూలి గెలలో వాటా. తూర్పు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు కూడా గల్ఫ్ ఖర్జూర తోటల్లో చాకిరి చేశారన్నది చరిత్ర. ఇవాళ ఆ చెట్లెక్కే తాళ్లు బంగ్లాదేశ్, పాకిస్తాన్, మన దేశపు మనుషుల చేతుల్లో ఉన్నాయి. వేసవిలో, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదని అక్కడ చట్టం ఉంది. అయినా కోతలన్నీ ఆ నెలల్లోనే. తెల్లారకముందే ఎక్కి, ఎండెక్కేలోపు దిగుతారు. జీతంలో తిండికి పోను మిగిలింది ఇంటికి. బావ పంపిన డబ్బుతోనే పెండ్లి అప్పు తీరింది, ఇంటికి స్లాబు పడింది. ఆయన పిల్లలు పెరగడం మాత్రం ఎక్కువగా ఫోన్‌లోనే చూశాడు.

చాకిరి ఎవరిదైనా, రాజులకు పరాయి చెట్ల మీద మోజు ఎక్కడైనా ఒకటే. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ వెర్సాయ్ కోటలో నారింజల కోసమే 1684–86 మధ్య రాతి మందిరం కట్టించాడు. అక్కడ భయం చలి. వెయ్యికి పైగా చెట్లు, నారింజ, నిమ్మ, దానిమ్మ, ఖర్జూరం వంటి తాళజాతులు, చెక్క తొట్లలో ఉంటాయి. అక్టోబరులో వాటిని లోపలికి చేర్చడం, మే నెలలో బయటికి తేవడం ఇప్పటికీ తోటమాలుల పనే. అల్ ఐన్‌లో భయం ఎండ. అందుకు వాళ్లు మందిరం కట్టలేదు, పైన ఖర్జూరం నాటారు. చౌకైన పని, వేల ఏండ్లు నిలిచిన పని.

మన దిక్కు గడీలు గుర్తుకొచ్చాయి. దొరల గడీ పెరట్లో బత్తాయి, దబ్బ, పంపరపనస, గులాబీలు ఉండేవని పెద్దలు చెప్పేవారు. ఆ చెట్లకు నీళ్లు పోసింది వెట్టి చేతులు. కూలి లేదు, కాదనే హక్కు లేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో వేల మంది రైతుకూలీలు కదిలాక వెట్టి నడుం విరిగింది, దొరలు ఒక్కొక్కరే పట్నం దారి పట్టారు. తోటలు ఎండిపోయాయి. ఎండిపోవడంలో నాకు బాధేమీ లేదు, వెట్టితో పచ్చగా ఉండేకంటే ఎండడమే న్యాయం. కానీ ఆ బావులు కూడా పూడిపోవడం, ఆ స్థలాలు తుమ్మలు మొలిచి పాడుబడటం మనం చేసుకున్నది. దొర పోయాక బావి ఊరిది కావాల్సింది. అల్ ఐన్‌లో పాలకుడే నీటి వాటా వదులుకున్నాడు కాబట్టి ఆయన ఇల్లు మ్యూజియమైనా తోట బతికే ఉంది.

ఖర్జూరం కాదు, ఈత

సాయంత్రం కాలువ గట్టు మీద కూచుని ఛాయ్ తాగుతూ బావ మనసులో మాట చెప్పాడు. రెండేండ్లలో ఇంటికి వచ్చేద్దామని, రెండెకరాల్లో ఖర్జూరం పెడదామని. ప్యాకెట్టు ఖర్జూరం గింజలు నాటి మొలిపించిన ఇండ్లు మా దిక్కు చాలానే ఉన్నాయి. గింజ మొక్కల్లో సగం మగవి వస్తాయి, మిగతావి తల్లి గుణం చూపవు. అందుకే పిలకో, టిష్యూకల్చర్ మొక్కో కావాలి. అంతకంటే పెద్ద చిక్కు వాన. ఖర్జూరం మెత్తబడి పండే జూన్, జూలై, ఆగస్టు మనకు వానకాలం. గెల మీద వాన పడితే పండు పులిసి పగులుతుంది. అనంతపురం జిల్లాలో కొందరు రైతులు బర్హీ రకం పెట్టి, పసుపు పచ్చని కరకర కాయగానే కోసి అమ్ముతున్నారు. బర్హీ ఆ దశలోనే వగరు లేకుండా తియ్యగా ఉంటుంది కాబట్టి అది నడుస్తోంది. అది తక్కువ వాన కురిసే సీమ. ఉత్తర తెలంగాణ వానలకు అంత పెట్టుబడి పెట్టడం జూదమే.

"మరేం పెట్టాలె?" అన్నాడు బావ. ఆయన ప్రశ్నకు జవాబు ఆయన చేతిలో ఉన్న తాడే. ఖర్జూరం దాయాది మన వాగు ఒడ్డున, చెరువు కట్ట మీద, ఉప్పు తేలిన చౌడులో అడగకుండానే పెరుగుతుంది. ఈతకు వానంటే భయం లేదు. నీరా, కల్లు, బెల్లం, చాప, చీపురు, అన్నీ ఇస్తుంది. నడుమ నిమ్మ, దబ్బ పెట్టుకుంటే అల్ ఐన్ మూడంతస్తుల సేద్యమే మన గట్టు మీద నడుస్తుంది. ఎక్కేవాళ్లు లేక చెట్లు మొండిగా నిలబడ్డాయని ఊళ్లో అంటాం, ఎక్కేవాళ్లేమో అక్కడ అర్బాబు చెట్లెక్కుతున్నారు.

గీత సొసైటీలకు చెట్లు పెంచుకోవడానికి ఐదెకరాల దాకా భూమి ఇవ్వాలని జీవో 560 ఎప్పటినుంచో ఉంది. హరితహారంలో ఈత మొక్కలు కూడా నాటారు. నాటిన మొక్కకు మొదటి మూడు వేసవులు నీళ్లు పోసే ఏర్పాటు లేకపోతే ఆ లెక్కలు కాగితం మీదే ఉంటాయి. రుద్రంగి, చందుర్తి, కోరుట్ల, మెట్‌పల్లి ఊళ్లలో గీత సొసైటీలున్న పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరి ఐదెకరాలు ఎక్కడున్నాయో తహసీల్దారు ఆఫీసులో అడగండి. భూమి దొరికితే మొక్కల కంటే ముందు బోరు, డ్రిప్పు అడగండి. పాడుబడ్డ గడీ బావి ఊళ్లో ఉంటే పూడిక తీయించండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తోటపని మనుషులను పిలిచి ఆ వనం బాధ్యత, దానికి తగ్గ కూలి వాళ్లకివ్వండి. పని వాళ్లకు తెలుసు.